పసుపు కారు ఆయిల్లో రాగి మెరుపు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నట్టు వదులైందంటే ఇంజిన్ ఊడిందంటాను. కాబట్టి ఇందులోని కొలతలన్నీ సగానికి తగ్గించి చదువుకోండి.

రెండువేల ఇరవై రెండు, ఎండలు ముదిరిన రోజులు. మణుగూరు నుంచి పినపాక పోయే రోడ్డు పక్కన నా మెకానిక్ షెడ్డు. వచ్చేవన్నీ బొగ్గు టిప్పర్లే. మా దగ్గర దుమ్ము ఎంతంటే, పొద్దున బయటికెళ్లిన తెల్లకోడి సాయంత్రానికి నల్లకోడై వస్తుంది, కూతను బట్టి గుర్తుపట్టి గంప కింద వేసుకోవాలి. అలాంటి చోటికి ఒక పొద్దున పసుపు రంగు స్పోర్ట్స్ కారొచ్చి ఆగింది. రెండే తలుపులు, రెండే సీట్లు, ఎత్తు నా మోకాలి దాకా. అందులోంచి దిగడానికి యాదగిరన్నకు పావుగంట పట్టింది.

యాదగిరన్న పాతికేళ్లు ఓపెన్ కాస్ట్ గనిలో టిప్పర్ నడిపి మానేసిన మనిషి. రెండు నెలల కిందట హైదరాబాదులో ఈ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పక్క సీట్లోంచి ఆయన భార్య సమ్మక్క దిగింది. టిప్పర్ క్యాబిన్లో ఇంటివాళ్లను ఎక్కించుకోనివ్వరు కాబట్టి, ఇన్నేళ్లలో ఆమె భర్త పక్కన కూర్చుని ఎక్కడికీ పోలేదు. కారు కొన్నాక కూడా, ఆయిల్ మార్పించి బండి బాగుందని తేలాకే ఎక్కిస్తానని ఆపాడు. ఆ రోజు ఆయిల్ మార్చుకుని అటునుంచి అటే భద్రాచలం ప్రయాణమని మొదటిసారి ఎక్కించుకున్నాడు. ఆమె కొత్త చీర కట్టుకుంది.

"తమ్మీ, జల్దీ కానియ్యి. ఎండ ముదరకముందే గోదావరి దాటాలె," అన్నాడు.

బండిని గుంత మీద నిలబెట్టి, నేను కిందికి దిగి డ్రైన్ బోల్ట్ విప్పాను. పాత ఆయిల్ నల్లగా రావడం మామూలే. కానీ ట్రేను ఎండలోకి తెచ్చి వంచితే లోపల మెరుపులు. కంసాలి ఎవరైనా చూస్తే అక్కడికక్కడే కొలిమి రాజేసేవాడు.

ఆయిల్లో మెరుపు కనిపిస్తే మేం ఆయిల్ ఫిల్టర్ను కోసి, లోపలి మడతల కాగితాన్ని తెల్లగుడ్డ మీద పరుస్తాం. ఇంజిన్లో అరిగినదంతా అక్కడ దొరుకుతుంది. దాని మీద అయస్కాంతం తిప్పుతాం. అంటుకుంటే ఇనుము, రింగులు గానీ గేర్లు గానీ అరుగుతున్నట్టు. అంటుకోకుండా తెల్లగా ఉంటే అల్యూమినియం, పిస్టన్‌ను అనుమానించాలి. ఇవి అంటుకోలేదు, తెల్లగానూ లేవు. రాగి రంగు పొరలు, ఒక్కొక్కటి గోరంత. అంటే బేరింగులు. ఇంజిన్లో క్రాంక్‌షాఫ్ట్ తిరిగే చోట ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా పల్చటి రేకుల్లా ఉంటాయవి. పైపూత అరిగి అడుగున ఉన్న రాగి లేచిందంటే, అశ్వాపురం దాటాక అడవిలో ఎక్కడో పిస్టన్‌ను పట్టుకునే రాడ్ విరిగి, ఇంజిన్ గోడ పగలగొట్టుకుని బయటికొస్తుంది.

"అన్నా, ఈ బండి భద్రాచలం పోదు," అన్నాను.

"ఎందుకు పోదు? ఇంటి కాడికెల్లి మంచిగనే వచ్చింది కదా."

తెల్లగుడ్డ చూపించాను. ఆయన ఒక పొరను గోటితో గీకి చూశాడు.

"అమ్మినోడు మోసం జేసిండు. తెలిసే అంటగట్టిండు నాకు. నువ్వు ఆయిల్ పొయ్యి. గిదే బండి తోలుకపోయి హైదరాబాదుల వాని ఇంటి ముంగట పెడ్త."

"మరి భద్రాచలం?" అంది సమ్మక్క.

"భద్రాచలం ఏడికి పోతది? ఆడనే ఉంటది."

ఆమె పోయి, మూలనున్న పాత టైరు మీద కూర్చుంది.

అప్పుడు నా బుర్ర పాదరసంలా పరుగెత్తింది. షెడ్డులో ఫ్యాన్ కూడా తిరగడం ఆపి నా నోటివైపు చూసింది. "పొద్దుగాల బండి ఎట్ల స్టార్ట్ చేస్తవన్నా?" అని అడిగాను.

"ఎట్ల చేస్తరు? తాళం తిప్పుడు, రేజ్ ఇచ్చుడు."

"ఎంతసేపు?"

"ఎయిర్ ఎక్కేదాక."

టిప్పర్ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. రాత్రంతా నిలబడితే గాలి దిగిపోతుంది, అందుకే పొద్దున స్టార్ట్ చేయగానే ఎయిర్ మీటర్ ముల్లు లేచేదాకా డ్రైవర్లు యాక్సిలరేటర్ తొక్కి పెడతారు. టిప్పర్ ఇంజిన్ అదురుతూనే ఓర్చుకుంటుంది. చల్లగా నిద్రలేచిన స్పోర్ట్స్ కారు సంగతి వేరు. అడుగున చేరిన ఆయిల్ పైకెక్కి బేరింగుల్ని తడపకముందే ఇంజిన్ గంతులేస్తుంది. రెండు నెలలు, రోజూ ఇదే పూజ.

"అన్నా, ఈ బండిల ఎయిర్ మీటర్ ఏది?"

యాదగిరన్న వంగి డాష్‌బోర్డంతా వెతికాడు. "లేదు," అన్నాడు మెల్లగా.

"మరి ఎయిర్ ఎక్కిందని ఎట్ల తెలుస్తది?"

"అందాదగ."

హైదరాబాదు పోవడం మానుకున్నాడు. ఇంజిన్ దింపాను. అదృష్టం, క్రాంక్‌షాఫ్ట్‌కు గీతలు పడలేదు. కొత్త బేరింగులొచ్చి, బిగించి ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది. తీసుకుపోయే రోజు సమ్మక్క మళ్లీ అదే చీరలో వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఆయన తాళం తిప్పాడు.

"కాలు లేపు," అంది.

లేపాడు. ఇంజిన్ తనపాటికి తాను కాసేపు గురగురలాడింది. తర్వాత ఇద్దరూ భద్రాచలం వైపు వెళ్లిపోయారు.

ఆ గుడ్డ నాకు నేర్పింది ఇదీ. ముక్కలు ఏది అరిగిందో చెప్తాయి, ఎందుకరిగిందో చెప్పవు. అది బండి ఉన్న ఇంట్లో అడగాలి.

ఇక ఇందులో కల్పించిందేమిటో చెప్పాలి. కోడి, కొలిమి, మోకాలెత్తు కారు, అవన్నీ పెంచినవే కానీ కల్పించినవి కావు. కల్పించింది ఒక్కటే, బండి ఎట్ల స్టార్ట్ చేస్తవన్న ఆ ప్రశ్న నేనడిగానని. నిజానికి నేను "అవ్ అన్నా, వాడు దొంగనే" అనేసి కొత్త ఆయిల్ డబ్బా మూత తిప్పుతున్నాను. టైరు మీది నుంచి సమ్మక్క అంది, "ఏందయ్యా, గీ బండికి గుడ ఎయిర్ ఎక్కాల్నా? పొద్దుగాల గంతగనం రేజ్ ఇస్తవు, అరల బోళ్లన్ని కిందవడ్తయి."

నేను మూత మళ్లీ బిగించాను.