ఎక్స్‌రే ముక్కలల్లకెల్లి గ్రహణం

హలో... హలో! లచ్చవ్వేనా? నేనే చెల్లె, సిరిసిల్లకెల్లి మీ అక్కను. ఏడుస్తలేనే! నవ్వుతున్న. మీ బావ పోయిన కాడికెల్లి ఫోన్ జేసినప్పుడల్ల ఏడ్సుడే అయింది గద, ఇయ్యాల గట్ల గాదు. నీ పక్కకు కోడండ్లుంటె పిలువు, వాళ్లు గూడ ఇనాలె. ముందుగాల చెప్తున్న, ఫికర్ వెట్టుకోకు. నా కొడుకు శీనుగాడు మంచిగున్నడు, సాంచెల కాడికి పోయి బట్ట నేస్తుండు. కానీ వాడు మంచిగున్నడని తెలుసుకునేసరికి నేను వాడకట్టంత తిరిగి, ఆఖరుకు దర్జీ యాదగిరి గడ్డం వట్టుకొని బతిమిలాడేదాక వచ్చింది నా బతుకు!

ఏమైందంటె... ఇంటున్నవా? జర గట్టిగ మాట్లాడుత, గీ ఫోన్ల గురగుర అంటుంది.

కొన్నేండ్ల కింద హైదరాబాద్ కెల్లి డాక్టర్లు పెద్ద బండేసుకొని వచ్చిండ్రని చెప్పిన, యాదికుందా? సాంచెలు నడిపేటోళ్ల రొమ్ముల దూది దుమ్ము ఏం జేస్తదో పరిశోధన జేస్తున్నమని, ఆ బండిలనే అందరికి ఎక్స్‌రేలు తీసిండ్రు. మీ బావకు, శీనుగానికి ఒక్కనాడే తీసిండ్రు. ఇద్దరియి ఒక్కటే కవర్ల వెట్టి చేతికిచ్చిండ్రు. అగో, ఆ కవరు మా బట్టల సందుగ కింద పండుకున్నది. ఎవరు తీసి సూసిండ్రు? ఎవరు సూడలే.

మీ బావ పోయిండు. దినాలు జేసినం. బట్టలు సాకలికిచ్చినం, చెప్పులు ఇచ్చినం, నువ్వున్నవ్ గద. తర్వాత నేను ఇల్లు అలుకుతుంటె గీ కవరు బయటవడ్డది. మా పక్కింటి కనకవ్వ గప్పుడే వచ్చింది. దాని నోటికి తాళం ఉంటదా? "అయ్యో రాజవ్వా, పోయిన మనిషి బట్టలే ఇంట్ల ఉంచుకోం, బొక్కల ఫోటో ఉంచుకుంటవా?" అన్నది.

నాకు గూడ నిజమే అనిపిచ్చింది. మరి ఏం జెయ్యాలె? కాలుద్దామంటె... మనిషిని ఒక్కపారి కాల్చినం, మల్లొక్కపారి ఎట్ల కాలుస్తమే! మానేరు వాగుల ఏద్దామంటె అది తేలుతది. కింద బట్టలు ఉతికేటోళ్లు వట్టుకొచ్చి "అవ్వా, మీదే గద" అని మల్ల నాకే ఇస్తరు.

గప్పుడే దీపావళి తెల్లారి గ్రహణం అన్నరు. ఉత్త కండ్లతోటి సూస్తె కండ్లు పోతయ్, ఎక్స్‌రే ముక్క అడ్డం వెట్టుకొని సూడాలె అని వాడకట్టంత ఒక్కటే లొల్లి. ఎక్స్‌రే ఎవరింట్ల ఉందని పోరగాండ్లు ఇల్లిల్లు అడుగుతుండ్రు. నాకు మతికి తట్టింది. బట్టలు పంచినం, చెప్పులు పంచినం, గిది గూడ పంచిన అనుకుంటె అయిపాయె! పోయినోడు పది మందికి సూర్యున్ని సూపెట్టిన పుణ్యం కట్టుకుంటడు.

ఏమో! అప్పుడు మంచిగనే అనిపిచ్చింది చెల్లె, నవ్వకు.

కవర్ల రెండు ఉన్నయ్ గద. ఏది మీ బావది, ఏది శీనుగానిది? మూలకు పేరు రాసి ఉంటది గానీ నాకు చదువు వస్తదా? ఎవరినన్న అడిగితె అయిపోతుండె. అడగలే! దర్వాజల నిలవడి రెండు ఎలుతురుకు వట్టి సూసిన. ఒక దాంట్ల మనిషి జర ఎడమ దిక్కు ఒరిగి నిలవడ్డడు. మీ బావ ఏ ఫోటోల సూడు, గట్లనే ఒరుగుతడు గద! మీ పెండ్లి ఫోటోల గూడ నీ మీద వడ్డట్టే ఉంటడు. "ఇన్నేండ్లు కాపురం జేసినదాన్ని, నా మొగని బొక్కలు నేను గుర్తువట్టనా" అనుకున్న. కత్తెర తీసిన. కచకచ కత్తిరిచ్చిన. పోరగాండ్లకు, పెద్దోళ్లకు, అడిగినోళ్లకు అడిగినట్టు ఇచ్చిన.

గ్రహణం నాడు సూడాల్సింది నువ్వు! పొద్దుగాలనే వాడకట్టంత మిద్దెల మీద, అరుగుల మీద. అందరి కండ్ల ముంగట మీ బావ ముక్క. మా సాంచెల కాడ పనిజేసే బాలయ్య కేకేసిండు, "పెద్దవ్వా! మల్లయ్య పెద్దబాపు పుణ్యాన సూర్యుడు కొడవలి లెక్క కనవడుతుండు!" నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నేను సూడనే లేదు గ్రహణం. నాకొక్క ముక్క గూడ మిగలలే.

ఇగ ఇను అసలు కథ.

కొన్నొద్దులకు ఇంకో బండి వచ్చింది. గీళ్లు వేరే కాలేజోళ్లట. వాళ్ల పరిశోధన గూడ గదే దూది దుమ్ము మీదనే! మల్ల అందరికి ఎక్స్‌రేలు. నాలుగైదు రోజులకు ఒక డాక్టరమ్మ మా ఇంటికే వచ్చింది. చిన్నమనిషే, మన బిడ్డలంత ఉంటది. కూసోమంటె కూసుంటలేదు. "అవ్వా, శీను ఎక్స్‌రేల పైన కుడి దిక్కు ఒక తెల్ల మచ్చ ఉన్నది" అన్నది.

మీ బావ దగ్గు ఇంకా చెవులల్ల మోగుతనే ఉంది. గీని గూడ తీస్కపోతడా దేవుడు అనుకున్న.

"భయపడకుర్రి అవ్వా. ఆ మచ్చ ఇదివరకు ఉన్నదా, కొత్తగ వచ్చిందా తెల్వాలె. పాతదే అయి, గంతే ఉంటె, ఎప్పుడో వచ్చి మానిన పుండు మచ్చ, ఏం గాదు. కొత్తదైతె మాత్రం హైదరాబాద్ పోవాలె, ఆపరేషన్ దాక పోవచ్చు. శీనుకు ఇంతకుముందు ఎప్పుడన్న ఎక్స్‌రే తీసిండ్రా?"

"తీయక! హైదరాబాదోళ్లు తీసిండ్రు" అన్న.

డాక్టరమ్మ మొఖం ఎలిగింది, మల్ల వాడిపోయింది. "వాళ్లా... వాళ్ల కాడ ఆ ఎక్స్‌రేలయి చిన్న ఫోటోలు ఉంటయ్ గానీ, మాకియ్యరు అవ్వా."

"ఎందుకియ్యరు?"

"వాళ్ల పరిశోధన వాళ్లది, మాది మాది. మేము అడగం, వాళ్లియ్యరు. మాయి గూడ మేము వాళ్లకియ్యం."

"అదేందమ్మా, రొమ్ము నా కొడుకుదే గద!" అన్న.

అప్పుడు నాకు కవరు యాదికొచ్చింది. "అరే, మా ఇంట్లనే ఉన్నది! పరేషాన్ గాకు బిడ్డా" అని ఎంత దర్జగ పోయిన్నో సందుగ కాడికి! మిగిలిన దాన్ని తెచ్చి చేతిల వెట్టిన. ఆమె మూలకు సూసింది. నా మొఖం సూసింది. "అవ్వా... ఇది మల్లయ్యది. శీనుది ఏది?"

లచ్చవ్వా, ఆ గడియల నన్ను ఎవరన్న సూస్తె ఎక్స్‌రే అక్కెర లేకుండనే నా బొక్కలన్ని కనవడుతుండె! శీనుగాడు గూడ తండ్రి లెక్కనే ఒరుగుతడే! సాంచెల మీద వంగి వంగి ఇద్దరికి ఒక్కటే ఒరుగుడు. నా కొడుకు రొమ్మును నేనే కత్తిరిచ్చి వాడకట్టుకు పంచిన!

"కత్తిరిచ్చిన అమ్మా" అన్న. డాక్టరమ్మకు అర్థమైతలేదు. "దేన్ని?" అన్నది. "మా శీనుగాన్ని" అన్న.

శీనుగాడు అక్కన్నే ఉన్నడు. "అవ్వా, నువ్వు బాపును పంచిన్నన్నవ్ గద!" అన్నడు.

ఉరికిన చెల్లె. ఈ మోకాళ్లతోటి ఉరికిన. "శీనుగాని ముక్కలియ్యుర్రి, శీనుగాని ముక్కలియ్యుర్రి" అనుకుంట తిరుగుతుంటె, సంగతి తెల్వనోళ్లు సాంచెల వడి పాణం పోయిందేమో అని ఏడ్సుకుంట నా ఎంబడి వచ్చిండ్రు. కనకవ్వ కిటికి అద్దం పగిలితె ఆడ అతికిచ్చుకున్నది, పీకిన. "నా కిటికే దొరికిందానె నీకు!" అని అరుస్తది. "నీ నోటివల్లనే ఇదంత" అని నేను అరిచిన. ఒకలింట్ల పోరడు తన ముక్కను బొంగరానికి టోపి జేసిండు. బాలయ్య తన ముక్కను ఇంటి పెంకుల సందుల, వాన నీళ్లు కారకుండ వెట్టిండు. నిచ్చెనేసి తీసిచ్చిండు పాపం, తీస్తుంటె దగ్గువట్టి సగం మెట్ల మీదనే నిలవడ్డడు.

అన్ని తెచ్చి మా ఇంటి కిటికి మీద టేపేసి అతికిస్తున్నం. నేను పక్కబొక్క తీస్కపోయి మెడకాడ వెట్టిన. డాక్టరమ్మ నవ్వాపుకుంట సరిజేసింది. బుడ్డోళ్లు, పెద్దోళ్లు "అది ఇటు, ఇది అటు" అని ఒక్కటే లొల్లి. అంత అతికినం. ఒక్క జాగ ఖాళీ. ఏ జాగ? పైన కుడి దిక్కు! మచ్చ ఉండే జాగనే!

ఎవరి కాడుందే అది? ఎవరు యాదికొస్తలేరు. ఆఖరుకు కనకవ్వనే చెప్పింది, "దర్జీ యాదగిరి ఒక ముక్క అడుక్కపోలేదా?" అని. అందరం దర్జీ దుకాణంకు పోయినం. యాదగిరి మిషిన్ తొక్కుతుండు.

"తమ్మీ, మా శీనుగాని ముక్క ఏది?"

"ఏదొదినె? ఓ, అదా! మంచిగ గట్టిగున్నది. కాలర్ కోసుకునేతందుకు అచ్చు జేసిన" అని తీసి సూపెట్టిండు. అంగి కాలర్ లెక్క వంకరగ కోసి, సుట్టు సుద్దముక్కతోటి గీతలు! ఇయ్యనంటడు. "పెండ్లోళ్ల అంగీలున్నయ్ ఒదినె, రేపు తీస్కపో."

గడ్డం వట్టుకున్న. "యాదగిరీ, నా కొడుకు పాణం నీ కాలర్ల ఉన్నది" అన్న. పాపం, బిత్తరపోయిండు. మిషిన్ ఇడిసిపెట్టి కాలర్ వట్టుకొని మాకన్న ముంగట ఉరికిండు.

డాక్టరమ్మ కాలర్‌ను కిటికి మీద వెట్టింది. సుద్దగీతలు తుడిసింది. ఉన్నది, మచ్చ ఉన్నది! కత్తెర దాన్ని తాకలే. కొత్త ఎక్స్‌రే పక్కకు వెట్టి చిన్న స్కేలుతోటి కొలిసింది. మల్ల కొలిసింది. నేను ఎక్స్‌రే దిక్కు సూస్తలేను, ఆ పిల్ల మొఖం దిక్కే సూస్తున్న.

"గంతే ఉన్నదవ్వా" అన్నది. "ఎంత మాత్రం పెరగలే. ఎన్నడో మానిపోయిన మచ్చ. శీనుకు ఏం లేదు."

నేను ఆడనే కింద కూలవడ్డ. ఏడ్సిన, నవ్విన, ఏది ముందో నాకు ఎరుకలే. శీనుగాడు నా పక్కకు కూసొని ఈపు మీద చెయ్యేసిండు. గప్పుడు యాదగిరి మెల్లగ, "మరి నా కాలర్?" అన్నడు. అందరు ఇరగవడి నవ్విండ్రు. డాక్టరమ్మ గూడ!

ఆగు, అయిపోలే. ఆ పిల్ల పోతపోత కిటికి దిక్కు సూసి, "మీరు గింత సేపట్ల ముక్కలన్ని ఒక్కకాడికి తెచ్చిండ్రు, మేము ఇన్నేండ్లు తాళాలేసుకొని కూసున్నం" అన్నది. నిజంగనే హైదరాబాదోళ్లకు ఫోన్ జేసింది. ఏమని బతిమిలాడిందో, కొట్లాడిందో, వారం తిరిగేసరికి వాళ్ల పెద్ద డాక్టర్ ఆ ఫోటోల డబ్బలేసుకొని దిగిండు! మా సాంచెల షెడ్డుల కరెంటు బల్బులు ఏలాడదీసి, ఒక్కొక్కని పాతది, కొత్తది పక్కపక్కకు వెట్టి సూసిండ్రు. బాలయ్యకు మచ్చ కొత్తగ వచ్చిందట! శురువులనే దొరికింది, గోలీలు మొదలువెట్టిండ్రు, తక్కువైతదన్నరు. మీ బావ బతికున్నప్పుడు గిట్ల మల్లొక్కటి తీసి, రెండు పక్కపక్కకు వెట్టి సూసినోళ్లుంటె... పోనీ తియ్. బాలయ్య పెండ్లాం నా కాళ్లు మొక్కవోయింది. నేనేం జేసిన్ననే, కత్తిరిచ్చుడు తప్ప!

ఆఖరుకు ఆ పెద్ద డాక్టర్ మా ఇంటికి వచ్చిండు. మంచోడే, మాట మెత్తగ. "అమ్మా, ఇకనుంచి మేం రెండు కాలేజీలవాళ్లం కలిసి పనిచేస్తాం. శీను ఎక్స్‌రే వేరే ఊళ్లల్లో డాక్టర్లకు కూడా చూపిస్తే చాలామందికి పనికొస్తుంది. కానీ ఇది మీ సొంత విషయం. మీ అనుమతి లేకుండా ఎవ్వరికీ చూపించం" అన్నడు.

నేను నోరు తెరిచేలోపల్నే శీనుగాడు లేసిండు. "అడగాల్సింది నన్ను సార్. చూపియ్యుర్రి" అన్నడు. ఇగ నా దిక్కు తిరిగి, నవ్వుకుంట, "నన్ను అడిగిన మొదటి మనిషి మీరే. మా అవ్వయితే అడగకుండనే నా పక్కబొక్కలల్లకెల్లి ఊరందరికి సూర్యున్నే సూపెట్టింది" అన్నడు!