చచ్చిన చేపపిల్లలకు సంతకమా?

రెండేళ్ల కిందట తాండూరు దగ్గర మా ఊరి మత్స్య సహకార సంఘానికి నేను అధ్యక్షురాలిని. ఆ వానాకాలం చెరువులో వదలడానికి ప్రభుత్వం పంపిన చేపపిల్లలు వ్యానులో వచ్చాయి. సంచులు విప్పితే సగం చచ్చి తేలుతున్నాయి. తనిఖీకి వచ్చిన అధికారి జీపు దిగకుండానే కాగితం చాపాడు.

"అన్నీ మంచిగున్నయని రాసిన. సంతకం పెట్టమ్మా."

"జర దిగి చూడుండ్రి సార్, సగం చచ్చినయ్."

"గట్లయితే వచ్చే ఏడు మీ చెరువుకు పిల్లలే రావు."

సంఘంవాళ్లు భయపడి "పెట్టు అక్కా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "సగం చచ్చినవే వచ్చాయి" అని అతని రాతమీదే పెద్దక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టాను. అతను కాగితం పరపరా చింపేసి వెళ్లిపోయాడు.

చచ్చిన పిల్లలను బకెట్లో వేసుకుని, బస్సెక్కి వికారాబాద్ వెళ్లి, జిల్లా మత్స్యశాఖ పెద్ద సారు బల్లమీదే పెట్టాను. పది రోజులకు బతికున్న పిల్లలొచ్చాయి. ఆ అధికారిని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. నా కోపం ఇంకా చల్లారలేదు.