చీకటిపడ్డాక ఈల

హోనొలులూ హోటళ్లలో హెరాల్డ్ నాకోవా కట్టిన పాటలు పొద్దుపోయేదాకా మోగేవి. పియానో పక్కన నిలబడి అగస్టీన్ అడవిపిట్టలా ఈల వేసేవాడు. ఆ పిలుపుకు హెరాల్డ్ పియానోతో బదులిచ్చేవాడు. ఆ పిట్ట జాతే ఇప్పుడు ఏ కొండ మీదా లేదు. హెరాల్డ్ కూడా సముద్రపు ఒడ్డున తన ఇంట్లో మంచం పట్టాడు.

చూడవచ్చిన అగస్టీన్ చెయ్యి పట్టుకుని హెరాల్డ్, "ఒరేయ్, ఒక్కసారి ఆ పిట్టను పిలవరా. విని పోతాను" అన్నాడు.

అప్పటికే చీకటిపడింది. హెరాల్డ్ భార్య కపువా గంజి గిన్నె కింద పెట్టింది.

"పొద్దుగూకాక ఇంట్లో ఈల వేస్తే చనిపోయిన రాజుల ఊరేగింపు గుమ్మంలోకొస్తుంది. రేపు పొద్దున వేద్దువులే అన్నా."

"హోటల్లో ఇన్నేళ్లు వేశాడు, ఏ రాజొచ్చాడే? వచ్చినా టిక్కెట్టు కొనలేదు" అని నవ్వబోయి దగ్గాడు హెరాల్డ్.

ఆ దగ్గు విన్నాక కపువాకు రేపటి మాట నోట రాలేదు. దేవుణ్ణి తలుచుకుని, "వెయ్యన్నా" అంది.

అగస్టీన్ ఈల వేశాడు. హెరాల్డ్ వేళ్లు దుప్పటి మీద కదిలాయి కానీ బదులు పలికేందుకు పియానో లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక, జన్మలో రాత్రిపూట ఈల వేయని కపువా తానే ఈలతో బదులు పలికింది. హెరాల్డ్ ముఖం విప్పారింది.

అంతలో వాకిట ఇసుకలో చాలామంది అడుగుల చప్పుడు వినిపించింది. ఆ రాజులను కన్నెత్తి చూడకూడదు, చూస్తే తమ వెంట తీసుకుపోతారు. అగస్టీన్, కపువా నేల మీద బోర్లా పడుకున్నారు. ఆమె చెయ్యి మాత్రం పైకి చాచి భర్త చేతిని పట్టుకునే ఉంది. చప్పుడు దూరమయ్యేసరికి ఆయన చెయ్యి చల్లబడింది.