మూడో బీచ్‌లో చీరతోనే

ఎనభైల మొదట్లో మా ఆయనా నేనూ అమెరికాలో మేముండే అరోరా నుంచి వెళ్లి క్రూజ్ ఓడ ఎక్కాం. కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవిలో ఓడ ఒక్కరోజే ఆగింది. టాక్సీ మాట్లాడుకుని బీచ్‌లన్నీ చుట్టేశాం. మొదటి రెండు చోట్లా ఆయన నీళ్లలోకి దిగారు. నేను చీరలో, ఒడ్డున చెప్పులకి కాపలా కూర్చున్నాను.

మూడోచోట టాక్సీ నడిపే ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ దీవి మనిషే, యాభై దాటి ఉంటాయి. పేరు వెర్నా.

"నీళ్లంటే భయమా?" అంది.

"భయం కాదు. స్విమ్‌సూట్ వేసుకోలేను. చీరతో దిగితే అందరూ నవ్వుతారు."

"మా అమ్మమ్మ ప్రతి ఆదివారం గౌనుతోనే సముద్రంలోకి దిగేది. ఇక్కడ పెద్దవాళ్లంతా అంతే. ఎవరు నవ్వుతారు?"

గోదావరి కాలవలో లంగా ఓణీతో ఈదిన రోజులు గుర్తొచ్చి లేచి నిలబడ్డాను. వెర్నా నా చెయ్యి పట్టుకుని, తన స్కర్ట్ తడుస్తున్నా నడుంలోతు దాకా తీసుకెళ్లింది. అక్కడ ఆమె చెయ్యి వదిలి, కుచ్చిళ్లు ఎగదోపుకుని ఈదుకుంటూ వెళ్లాను.

మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నారు. పెళ్లయిన ఏడేళ్లకి, నాకు ఈత వచ్చని ఆయనకి తెలిసింది ఆ రోజే.