ఎండాకాలంలో పొంగిన చెరువు

ఒక వీధి వీధినంతా మంచాలు, బియ్యం బస్తాలతో సహా డాబాల మీదికి ఎక్కించిన ఘనత నాది. అప్పుడు వానా లేదు, వరదా లేదు, మండు వేసవి. నవ్వండి, తప్పులేదు. కానీ ముందు కాస్త భయపడండి, మేమూ అలాగే మొదలుపెట్టాం.

తెలంగాణ ఉద్యమం రోజులవి. భీమవరం నుంచి వచ్చిన నేను ఎల్బీనగర్‌లో ఒక చెరువును ఆనుకున్న కాలనీలో, యాదమ్మగారింట్లో కింది వాటాలో అద్దెకుండేవాణ్ణి. ఆ చెరువు ఆరోగ్యం నెలనెలా ఎలా మారుతోందో రాయడమే నా పరిశోధన. నీటిమట్టం తెలియడానికి గీతలు గీసిన కర్రొకటి పాతాను. వారానికోసారి దగ్గరికెళ్లి, నీటిపైన ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టాలి. బురదంటే అసహ్యం కాబట్టి శాస్త్రవేత్తగారు కట్ట మీదే నిలబడి దుర్భిణీతో కానిచ్చేవారు.

మొదటి వారం తొమ్మిది గీతలు. తర్వాత ఏడు. ఆ తర్వాత నాలుగు! అంటే మిగతావి మునిగాయి, నీళ్లు పెరుగుతున్నాయన్నమాట.

నాలుగు కనబడింది బందు రోజున. హైవే మీద ఒక్క బస్సు లేదు. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి రోజూ వచ్చే హోరు లేదు. చెరువంతా గుర్రపుడెక్క కమ్మేసి, నీటిచుక్క కనబడటం లేదు. గాలి ఆడకపోయినా ఆ పచ్చటి పొర ఒకచోట మెల్లగా ఉబ్బింది. బుడుక్కున శబ్దం. మళ్లీ అణిగింది. ఎక్కడో ఒక నీటికోడి అరిచి, సగంలో ఆపేసింది.

పరుగున ఇంటికొచ్చాను. “ఆంటీ, చెరువు లేస్తోంది!”

“ఏంది సారూ, గీ ఎండలల్లనా?”

“అదేనండీ భయం! నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలీదు. మన ఇళ్లన్నీ ఒకప్పుడు చెరువే కదండీ!”

యాదమ్మగారి ముఖం పాలిపోయింది. “అందరు ఎవరిది వాళ్లకు గావాలంటున్నరు. చెరువు అడగదా?” అని గొణిగి, ముందు దేవుడి పటాలు, వెనక బీరువా పైకెక్కించారు. అది చూసి పక్కిల్లు, దాన్ని చూసి వీధంతా. బందు కాబట్టి ఊరు దాటే దారి లేదు. డాబాల మీద జనం చెరువువైపే చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు కట్ట మీంచి, మా వీధికి పాలు పోసే మైసయ్య బర్రెను తోలుకుంటూ వచ్చాడు. “ఏమైందే, అందరు మీదెక్కిన్రు?”

“సార్ కట్టె మునుగుతున్నదంట!” అన్నారు యాదమ్మగారు.

“మునుగుడేంది? బర్రెను దానికే కడుతున్న. ఊకె పీకుతున్నది. పీకినప్పుడల్లా ఇంకింత లోపలికి దిగ్గొట్టిన. సార్ కట్టె గద, పోవద్దని.”

వీధంతా నావైపు తిరిగింది. మైసయ్య వెంట మొదటిసారి చెరువులోకి దిగి, గుర్రపుడెక్క తప్పించి చూశాను. నీళ్లు లేవు. నల్లటి బురద, అందులోంచి లేస్తున్న బుడగలు, వెల్లకిలా పడిన చేపలు. మూడు వారాలుగా చెరువు ప్రాణం పోతోంది. నా నోటుబుక్కులో మాత్రం “గణనీయంగా కోలుకుంటోంది” అని ఉంది, కింద రెండు గీతలతో సహా.

నవ్వులు ఆగాక యాదమ్మగారు అన్నారు: “రోగిని ముట్టకుండనే బాగున్నడని రాసే డాక్టర్లను దవాఖానల చూసిన సారూ. చెరువుకు గూడ ఉంటరని తెల్వదు.”

ఆ రోజే, ఆ డాబాల సాక్షిగా, ప్రమాణం చేశాను: బతికున్నంతకాలం ఏ చెరువు గురించైనా, మోకాళ్ల దాకా దిగకుండా ఒక్క ముక్క రాయను. రాస్తే యాదమ్మగారి బీరువాను ఈసారి నేనొక్కణ్ణే డాబా మీదికి మోస్తాను.