తుండుగుడ్డ కింద జర్మన్

నేను గోరంతను కొండంత చేసి చెప్తానని నన్నెరిగిన వారందరూ అంటారు. ఆ మాటలోనూ కొంత అతిశయోక్తి ఉందని నా మనవి. అయినా ముందే ఒప్పుకుంటున్నాను: ఈ వ్యాసంలో కూడా పెంచి చెప్తాను. ఏది కల్పితమో చివర చెప్తాను, అంతదాకా అంతా నమ్మండి. పోయినవారి గురించి రాసేటప్పుడు అబద్ధమాడకూడదంటారు. మా రుక్మిణక్క విషయంలో నిజం చెప్పినా నమ్మేవారు లేరు గనుక, నాకు ఆ ఇబ్బంది లేదు.

మంగళవారం పొద్దున హోసూరు పక్క మత్తిగిరి నుంచి కబురు వచ్చింది. రుక్మిణక్క ఇక లేదు. గుండె ఆగిందట. పాఠానికి వచ్చిన పిల్లలు చూసేసరికి కుర్చీలో కూర్చుని ఉందట. గుండె ఆగిన సంగతి నా బుద్ధికి అందింది. కుర్చీలో కూర్చున్న సంగతి అందలేదు. కబురు తెచ్చిన పెద్దమనిషిని గుమ్మంలోనే నిలబెట్టి, యాడ కూర్చున్నది, ఎట్లా కూర్చున్నది, నువ్వు సరిగ్గా చూసినావా అని అడిగాను. ఆయన నా మతి చెడిందనుకుని మా ఇంట్లోవాళ్లను పిలిచాడు.

రుక్మిణక్కది ఆసనద్వేషం. పరీక్షలు నిలబడి రాసిందని ప్రసిద్ధి. అన్నం తింటూ నడిచేది. సాంబారు వంటింట్లో మొదలైతే రసానికి వీధి గుమ్మం, మజ్జిగకు ఎదురిల్లు చేరేది. బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడేది. కండక్టర్లు మొదట బతిమాలారు, తరువాత భయపడ్డారు, చివరికి ఆమె నిలబడే చోటును ఆమెకే వదిలేశారు. “కూర్చుంటే ఊరు వెనక్కి పోతాది, నిలబడితే మనం ముందుకు పోతాం” అనేది. ఇందులోని భౌతికశాస్త్రం నాకు నేటికీ బోధపడలేదు.

ఆమె మా పెదనాన్న కూతురు. పెదనాన్నకు కృష్ణగిరిలో మామిడికాయల మండీ ఉండేది. వేప్పనపల్లి వైపు నుంచి బండి వస్తే, వీధి మలుపులో ఉండగానే వాసన పట్టి అది ఏ తోట కాయో చెప్పేవాడు. ఆ తోట ఆసామి ఆ పొద్దు ఏం తిన్నాడో కూడా చెప్పేవాడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల డెబ్భైల మొదట్లో బెంగుళూరు వెళ్లి విశ్వవిద్యాలయంలో జర్మన్ చదువుతానన్నది. జర్మన్ అంటే ఏదో కొత్తరకం కుట్టుపని అనుకుని పెదనాన్న ఒప్పుకున్నాడు. అది భాష అని తెలిసేసరికి ఆమె సగం చదివేసింది.

మా ఊళ్లో ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బండివాళ్లతో కన్నడం. మూడూ ఒకే మాటలో కలిపేసి, ఒకే భాష మాట్లాడామనుకుంటాం. “మూడు ఊరికే వచ్చినాయి కదరా, నాలుగోదానికి ఏడుస్తారేమి?” అని ఆమె నన్ను ఎగతాళి చేసేది.

చదువు ముగిసే వేళకు హోసూరులో ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. జర్మనీ యంత్రాలు తెప్పించుకుంటున్న ఒక కంపెనీ వారు, ఆ భాష తెలిసిన మనిషి కావాలని ఆమెను రమ్మన్నారు. పెదనాన్న ససేమిరా అన్నాడు. మండీ శెట్టి కూతురు ఫ్యాక్టరీ గేటులో నిలబడడమా? అక్క వాదించలేదు. ఇల్లంతా నడిచింది. పడసాల నుంచి పెరటికి, పెరటి నుంచి పడసాలకు, గచ్చు అరిగి పునాది కనబడేదాకా నడిచింది. చివరికి పెదనాన్న ఒక షరతు పెట్టాడు. ఈ కాయల సీజను ముగిసేలోపల ఆ జర్మన్ తన మండీకి ఒక్క పనికి వచ్చినా సరే, హోసూరు వెళ్లవచ్చు. రాకపోతే పుస్తకాలు అటక మీద, మనిషి ఇంట్లో. మామిడికాయలకూ జర్మన్‌కూ ఏమి చుట్టరికం? వానలు దిగితే సీజను ముగుస్తుంది. ఆ ఏడు మబ్బు పట్టినప్పుడల్లా అక్క మొహం చూడలేకపోయేవాళ్లం.

వాన నేడో రేపో అన్నప్పుడు జర్మనీ నుంచి ఒక దొర వచ్చాడు. మామిడి గుజ్జును డబ్బాలకెత్తించి తన దేశానికి తీసుకుపోయే వ్యాపారి. కాయ తానే చూసి కొంటానన్నాడు. ఎంత పొడగరి అంటే, మండీ రేకుల కప్పులో ఉండే గువ్వలు చూరు అనుకుని ఆయన భుజం మీద వాలాయి. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు నాకు వచ్చినంతే. నాకు వచ్చింది ఎంతో విశ్వవిద్యాలయం పదేపదే తేల్చి చెప్పింది.

మా మండీలో బేరం నోటితో చేయరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తుండుగుడ్డ కప్పుతారు. లోపల వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు. ఒక్కో వేలికి ఒక్కో విలువ. చెయ్యి నిండుగా పట్టి నొక్కితే పెద్ద విలువ, మళ్లీ నొక్కితే అంతకంతకూ పెరుగుతుంది. చుట్టూ నిలబడ్డవారికి ధర తెలియదు. గుడ్డ కింద ఇచ్చిన చెయ్యి మాట ఇచ్చినట్టే. దాన్ని వెనక్కి తీసుకున్నవాడి చెయ్యి ఆ మండీలో మళ్లీ ఎవరూ పట్టరు. ఆడవారి చెయ్యి ఆ గుడ్డ కిందికి వెళ్లిన చరిత్ర లేదు.

అక్కను పిలుద్దామని నేనన్నాను. పెదనాన్న వినలేదు. “చేతికి భాషేమిటికప్పా? వేళ్లు అందరికీ ఐదే.”

దొర చెయ్యి చాచగానే పట్టుకుని గుడ్డ కప్పాడు. ఇది ఈ దేశపు మహామర్యాద కాబోలని దొర పులకించిపోయాడు. రెండో చేతిని కూడా గుడ్డ కిందికి దూర్చి, పెదనాన్న చేతిని నిండుగా పట్టి నొక్కాడు. ఊపాడు. మళ్లీ నొక్కాడు. ఇంకా నొక్కాడు. నొక్కినప్పుడల్లా పెదనాన్న కళ్లు అంగుళం చొప్పున పెరిగాయి. ఆ ధరకు మామిడికాయలు కాదు, కృష్ణగిరి కొండను కోటతో సహా కొనవచ్చు. పెదనాన్న గుడ్డ తీసి, మాటయిపోయిందని మండీ అంతటికీ వినిపించాడు. ఎదురు మండీ మునస్వామి శెట్టి మొహం పండకుండానే కుళ్లిన కాయలా అయింది.

దొర నవ్వుతూ ఏదో అడిగాడు. ఎవరికీ తెలియలేదు. మళ్లీ అడిగాడు. అప్పుడు వెనక వాకిట్లోంచి అక్క గొంతు వినబడింది.

“నాయనా, ఆయన ఏమంటా ఉండాడో చెప్పేదా? బేరం ఎప్పుడు మొదలుపెడదామంటా ఉండాడు.”

మునస్వామి శెట్టి తీరిగ్గా వక్క నములుతూ అన్నాడు: “శెట్టన్నా, దొర ధర చెప్పినాడా, దండం పెట్టినాడా?”

పెదనాన్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. మాట వెనక్కి తీసుకుంటే రేపటి నుంచి ఆ చెయ్యి ఎవరూ పట్టరు. తీసుకోకుంటే దొర కారెక్కి వెళ్లిపోతాడు. అప్పుడు అక్క కాయల రాశుల నడుమ నుంచి, ఆడవారు అడుగుపెట్టని ఆ మండీ నట్టనడిమికి నడిచి వచ్చింది. దొరతో జర్మన్‌లో మాట్లాడింది. ఏమన్నదో నాకు తరువాత చెప్పింది: మీ పలకరింపును మా నాయన ధర అనుకున్నాడు, తప్పు ఇద్దరిదీ కాదు. కానీ గుడ్డ కింద పట్టిన చెయ్యి ఇక్కడ ప్రమాణం. అతిథిగా మీరే విడిపించమని అడిగితే, ఆయన గౌరవంగా విడిచిపెట్టగలడు.

దొర మొహం పండిన మిరపకాయ రంగుకు తిరిగింది. అంత ఎత్తు నుంచి వంగి, పెదనాన్నకు చేతులు జోడించి, తెలియక పట్టాను, విడిపించండి అన్నాడు. అక్క ఆ మాటను మండీ అంతటికీ వినబడేలా తెలుగులో చెప్పింది. పెదనాన్న రాజ్యం దానం చేసే చక్రవర్తిలా తల ఊపాడు.

ఆపైన అసలు బేరం. గట్టిగా, పట్టపగలు, అందరి ఎదుటా, నోటితో. దొర ఒకటంటాడు, అక్క ఒకటంటుంది. ఆమె రాశి చుట్టూ తిరుగుతుంటే ఆయన వెనకాలే తిరిగాడు. మునస్వామి శెట్టి చెవులు చేటలంత పెరిగాయి, ఒక్క ముక్క దక్కలేదు. అప్పుడు నాకు తట్టింది. అక్కకు తుండుగుడ్డతో పనిలేదు. చదువుకున్న భాషే ఆమె తుండుగుడ్డ.

బేరం కుదిరింది. ధర ఎంత? పెదనాన్నకు తెలియాలి. తెలుగులో అడిగితే మునస్వామి శెట్టి వింటాడు, తమిళంలో అడిగినా వింటాడు, కన్నడం సరేసరి. పెదనాన్న కూతురి వైపు చూశాడు. భుజం మీది గుడ్డ తీసి, చెయ్యి చాచాడు.

“చెప్పమ్మా.”

అక్క ఆ చేతిలో చెయ్యి పెట్టింది. పైన గుడ్డ పడింది. లోపల ఏ వేలు ఏమన్నదో నాకు తెలియదు. ధర చెప్పడానికి అంతసేపు పట్టదు, అయినా పెదనాన్న చాలాసేపు గుడ్డ తీయలేదు. తీశాక ఆయన అడిగింది కాయల సంగతి కాదు.

“హోసూరుకు తొలి బస్సు ఎప్పుడమ్మా?”

ఆ బస్సు ఎక్కిన మనిషి తరువాత హోసూరులో జర్మన్ ఇంజనీర్లకూ మన ఫిట్టర్లకూ నడుమ ఏళ్ల తరబడి వారధిగా నిలిచింది. ఇంజనీరు తిడితే, ఆ తిట్టును ఏమాత్రం చల్లారనివ్వకుండా మూడు భాషల్లో వడ్డించేది. మెత్తగా చెప్పవచ్చు కదా అంటే, “తిట్టు తగ్గిచ్చి చెప్తే వాడు మర కూడా తగ్గిచ్చే బిగిస్తాడు” అనేది. ఎనభైలలో మత్తిగిరికి మారి, సాయంత్రాలు ఫ్యాక్టరీవాళ్ల పిల్లలకు జర్మన్ చెప్పింది. కాలేజీలో విదేశీ భాష తీసుకోండని ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులతో కొట్లాడింది. ఆమె శిష్యులు ఇవాళ ఫ్యాక్టరీల్లో అనువాదకులు, బెంగుళూరు హోటళ్లలో అధికారులు, ఎగుమతి కంపెనీల్లో పెద్దలు. భాషలు విజ్ఞానానికేగాని ఉద్యోగానికి కాదని సభలో ఒక పండితుడు సెలవిస్తే, ఆమె లేచి (లేవడమేమిటి, నిలబడే ఉంది) “ఉద్యోగం ఉండేవాళ్లు చెప్పే మాట అది సామీ” అని ఆయన్ను కూలదోసింది. ఆ ధైర్యసంపద, ఆ విద్యాదానదీక్ష, ఆ చురుకు నాలుక మా సీమలో ఇక దొరకవు. ఆ లోటు తీరేది కాదు. ఇందులో ఒక్క అక్షరం పెంచలేదు.

ఇక మాట ఇచ్చినట్టు, కల్పితం సంగతి. గువ్వలు, కళ్లు, చెవులు లాంటివి మీరే తీసేసుకుని ఉంటారు. గుడ్డ నిజం. బస్సు నిజం. అవి పోగా నేను కల్పించింది ఒక్కటే, ఆమె కూర్చోదన్నది. కూర్చునేది. కాళ్లకు నీరు వచ్చి, ఈమధ్య పాఠం కూడా కూర్చునే చెప్పేది. నేను కళ్లారా చూశాను. కానీ కూర్చున్నదని ఒప్పుకుంటే, కుర్చీలో పోయిందనీ ఒప్పుకోవాలి. అందుకని ఇంతసేపూ నిలబెట్టాను. మంగళవారం నుంచి కూర్చోలేకపోతున్నది నేను. ఇది కూడా నిలబడే రాస్తున్నాను.

నిన్న మత్తిగిరి వెళ్లి ఆ కుర్చీ చూశాను. ఎవరూ కూర్చోకుండా పిల్లలు దాని మీద ఒక తుండుగుడ్డ పరిచారు. ఎవరూ చూడకుండా దాని కింద చెయ్యి పెట్టాను. చాలాసేపు ఉంచాను. అటువైపు నుంచి ఎవరూ పట్టలేదు.