కరెంటు పోయాక హెడ్‌ఫోన్లో వినిపించిన మాట

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు నవ్వొస్తుంది. మా అమ్మ నాకు దిష్టి తీస్తుంటే టీవీ చూస్తూ కూర్చునే రకాన్ని. ఇప్పటికీ మారలేదు. అందుకే దీన్ని దయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఇళ్లలో ఇంకా నెట్ లేని రోజులు. బెంగళూరులో ఒక కంపెనీ తమ శిక్షణ పాఠాలను తెలుగు చేయించేది. తిరుపతిలో నేను అనువాదం చేసేదాన్ని. చిత్తూరులో మురళి వాటిని టైపు చేసి పేజీలుగా అమర్చేవాడు. మేము ముఖాముఖి కలిసింది తక్కువ. అంతా మెయిళ్లు, చాటింగు, వారానికోసారి కంపెనీ సారుతో వాయిస్ మీటింగు. అలిపిరి రోడ్డులో ఒక నెట్ సెంటర్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేదాన్ని. నా ఇల్లు ఆ పని మీదే నడిచేది.

మాకొక కట్టుబాటు ఉండేది. పెట్టింది మురళే.

"తప్పు ఎవురు చేసినా సార్ ముందర మనిద్దరి తప్పే అనాలక్కా. పేర్లు చెప్పుకుంటే ఇద్దరమూ పోతాము" అన్నాడు.

ఎంత ముచ్చటేసిందో నాకు! అతను పేజీలు తారుమారు చేసిన ప్రతిసారీ నేనూ తిట్లు తిన్నాను. సొంత తమ్ముణ్ణి కూడా అంత వెనకేసుకు రాలేదు.

ఒక మధ్యాహ్నం మీటింగు కోసం కూర్చున్నాను. మురళి రాలేదు, సారూ రాలేదు. ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, సిస్టం ఆరిపోయింది.

"ఇంక సాయంత్రానికే మేడమ్" అన్నాడు నెట్ సెంటర్ ఆయన.

ఆయన మాట ఒక చెవిన పడుతుండగానే, ఇంకా హెడ్‌ఫోన్ ఉన్న రెండో చెవిలో మురళి మాట్లాడాడు.

"ఆయమ్మకు చాతకాదు సార్. రాసిందంతా నేనే దిద్దుతా ఉండా. ఇంకమీద పనంతా నాకే ఇచ్చేయండి."

హెడ్‌ఫోన్ తీసి చూశాను. ఎదురుగా నల్లటి తెర.

ఏదో భ్రమ అనుకుని ఇంటికెళ్లి అన్నం తిన్నాను. మర్నాడు కంపెనీ మెయిల్ వచ్చింది, ఇకపై పనంతా మురళే చూసుకుంటాడని. ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది, దాచడమెందుకు.

నేరుగా చిత్తూరు బస్సెక్కాను. మురళి ఇంటి గుమ్మంలో నిలబడి, విన్న మాటలు విన్నట్టే అప్పజెప్పాను. అతని మొహం పాలిపోయింది.

"నీకెట్ల తెలుసక్కా? నిన్న నేను నెట్‌లోనే లేను. బెంగళూరు పొయ్యి సార్ రూములో కూర్చోని చెప్పినా. ఆడ మేమిద్దరమే ఉంటిమి."

బెంగళూరులో గది తలుపేసుకుని అన్న మాట, కరెంటు లేని నా హెడ్‌ఫోన్లోకి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరైనా చెబితే వింటాను.

కానీ నాకు అంతకన్నా అంతుబట్టనిది ఇంకొకటుంది. ఆ గుమ్మంలో మురళి నన్ను ఎలా విన్నావని మళ్లీ మళ్లీ అడిగాడు. ఆ మాట ఎందుకన్నాడో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.